రేవా, కొండా

మా పిన్ని గాజు ఊదేది. ఇళ్లలో వాడే సీసాలూ గ్లాసులూ కాదు. ప్రయోగశాలల్లో వాడే మెలికల గొట్టాలు, పొడుగు మెడల బుడ్లు, ఒకదాని కడుపులో ఇంకొకటి ఉండే నాళాలు. బల్ల మీద బుసలు కొట్టే మంట ముందు కూర్చుని, గాజు గొట్టాన్ని రెండు చేతులా తిప్పుతూ, అది తేనెలా జారబోతున్న క్షణాన రబ్బరు గొట్టం పంటి కింద పెట్టుకుని ఊపిరి వదిలేది. ఊపిరి కాస్త ఎక్కువైతే బుడ్డి పగులుతుంది, తక్కువైతే సొట్ట పడుతుంది. పెళ్లికి ముందు నేర్చుకున్న పని. ఆడపిల్లకి ఆ మంటల దగ్గర ఏం పనని ముక్కున వేలేసుకున్నవాళ్లే, తర్వాత్తర్వాత మా వాడిని కూడా చేర్పించమ్మా అని ఆవిడ గుమ్మం తొక్కారు.

పని దగ్గర ఎంత నిదానమో మాట దగ్గర అంత దూకుడు. దాని నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. మా అమ్మ ఆవిడకి అక్క, ఇంచుమించు తల్లి కూడా.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. మాట తక్కువ, చమత్కారం ఎక్కువ. "మీ పిన్ని ఊపిరంతా ఫ్యాక్టరీలోనే అయిపోవాలి కదా, మరి ఇంటికొచ్చాక నన్ను తిట్టడానికి ఎక్కణ్ణించి వస్తుందో!" అనేవాడు. ఆయన్ని తిట్టడం పిన్నికి అలవాటు, తిట్టించుకోవడం ఆయనకి అలవాటు. ఒక్కతే కూతురు, హైస్కూల్లో చదువుతోంది. గువ్వ అని పిలిచేవాళ్లం. పేరుకే గువ్వ, మాటలో తల్లి పోలికే.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ మేస్త్రి అందర్నీ పిలిచి, ఈ ఊళ్లో ఫ్యాక్టరీ మూసేస్తున్నారని చెప్పాడు. కంపెనీకి ఇంకో రెండు చోట్ల ఫ్యాక్టరీలున్నాయి. ఒకటి సముద్రం ఒడ్డున రేవు పట్నంలో, రెండోది మేముండే కొండ పట్నంలో. రావాలనుకున్నవాళ్లు ఏ ఊరో నెలాఖరులోగా చెప్పాలి. చెప్పనివాళ్లకి అక్కడితో సరి. చాలామంది ఇద్దరు ముగ్గురు కలిసి వేరే పనులు వెతుక్కుంటామన్నారు. పిన్ని మాత్రం, "నాకు ఇంకో పని నేర్పాలంటే ఈ చేతులు తీసేసి వేరేవి పెట్టాలి" అంది. కాబట్టి ఊరు మారడం ఖాయం. ఏ ఊరన్నదే మిగిలింది.

పిన్నికి అందులో ఆలోచించడానికేమీ లేదు. ఆవిడ పుట్టిన దగ్గర్నించీ చప్పుళ్ల మధ్యే బతికింది. అప్పుడున్న ఇల్లు లారీలు బాగుచేసే షెడ్డుని ఆనుకుని ఉండేది. ఇనుము మీద సుత్తి దెబ్బ పడితే వంటింట్లో మూతలు మోగేవి. పగలంతా మంట ముందు కూర్చునే మనిషికి సాయంత్రం చల్లటి గాలి తగిలితే చాలు. కొండ పట్నంలో చలి, చెట్లు, నిశ్శబ్దం, అన్నిటికీ మించి అక్క. ఆ రోజే మా అమ్మకి ఫోను చేసి, "ఇల్లు చూడవే, కిటికీ తెరిస్తే ఆకులు కనపడాలి. అంతకన్నా నాకేం అక్కర్లేదు" అంది. మా అమ్మ ఆ పూటే చెప్పులేసుకుని బయల్దేరింది.

రాత్రి భోజనాల దగ్గర పిన్ని ఈ సంగతి తేలిగ్గా చెప్పింది, ఆయన ఎలాగూ ఊఁ అంటాడని. బాబాయి కంచంలోంచి తలెత్తకుండా, "రేవుకి పోదాం" అన్నాడు.

పిన్ని నవ్వింది. హాస్యమనుకుంది. ఆయన నవ్వలేదు.

"ఆ ఉక్కలోకా? పగలంతా నేను మంట ముందు వేగి, రాత్రికి మళ్లీ ఉడకాలా?"

"అక్కడ అన్నీ దగ్గర."

"ఏవి?"

"అన్నీ. నడిచిపోవచ్చు. ట్రాములున్నాయి."

"బస్సు డ్రైవరుకి ట్రాములెందుకండీ? కొండ దారుల్లో బస్సు తోలడానికి భయమా?"

"అలాగే అనుకో."

"గువ్వా, నువ్వేమంటావే?"

"నాకు స్నేహితులున్న ఊరు కావాలి. రెండిట్లోనూ ఎవరూ లేరు. నన్ను లాగకండి" అని అది కంచం తీసుకుని లేచింది.

ఆ రాత్రి మొదలైంది వాళ్ల మధ్య పోరు. అది మామూలు దెబ్బలాట కాదు. మామూలు దెబ్బలాటలో బాబాయి చివరికి ఏదో ఒక మాట అని నవ్వించేవాడు. ఈసారి పిన్ని ఎంత తవ్వినా ఆయన దగ్గర రేవు అన్న మాట తప్ప కారణం దొరకలేదు. ఇల్లు ఇరుకన్నా రేవే, గోడలకి ఉప్పు పడుతుందన్నా రేవే. పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి రాయిలా కూర్చుంటే ఎదుటివాళ్లకి తల బాదుకోవాలనిపిస్తుంది. చివరికి గువ్వే విసిగిపోయి, "రెండూ చూసి రండి, ఆ తర్వాత కొట్టుకోండి" అంది.

ముందు కొండకి వచ్చారు. స్టేషన్నించి మా ఇంటికి మెట్లదారి. మంచు దిగుతోంది, ఇంకా చీకటి పడలేదు. బాబాయి గువ్వ భుజం మీద చెయ్యి వేసుకుని వచ్చాడు. కూతురంటే ప్రాణం కదా అనుకున్నాను. ఇంట్లోకి రాగానే మా అమ్మ పక్కనించి టీ గ్లాసు అందించింది. ఆయన తీసుకోలేదు, అటు తిరగను కూడా లేదు. మా అమ్మ చెయ్యి చాచుకుని అలాగే నిలబడి, కాసేపటికి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆవిడ ముఖం మాడిపోవడం నేను చూశాను.

మర్నాడు పొద్దున్న అమ్మ చూసి పెట్టిన ఇంటికి వెళ్లాం. చిన్నదే, కానీ ముచ్చటైన ఇల్లు. పడకగదిలో కిటికీ తెరిస్తే కింద లోయ నిండా ఆకుపచ్చ. ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పిన్ని కిటికీ చువ్వలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత ఇటు తిరిగి, మంచం ఎక్కడ వెయ్యాలో, బీరువా ఏ మూల పెట్టాలో నాకు చూపించడం మొదలుపెట్టింది. ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

బాబాయి గదులు చూడలేదు. బయట గుమ్మంలోనే నిలబడి వీధి చూస్తున్నాడు. ఇంట్లోంచి రోడ్డు మీదికి రాళ్లమెట్లు. ఒక మెట్టు పొడుగు, ఒకటి పొట్టి, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆయన దిగబోయి, ఒకచోట పాదం గాల్లో పెట్టి, తూలి, అక్కడే చతికిలబడ్డాడు. ఇల్లుగలావిడ పరుగెత్తింది. "దెబ్బ తగిలిందా బాబూ?"

"లేదండీ. కూర్చోవాలనిపించింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పిన్ని రాగానే, "ఈ ఇల్లు వద్దు" అన్నాడు.

"ఇల్లు చూడందే వద్దంటారేమిటి?"

"చూశాను."

"ఏం చూశారు? మెట్లా?"

"ఈ ఊరే వద్దు."

మా అమ్మ అంతవరకూ ఓర్చుకుంది. "మరిదిగారూ, ఊరు నచ్చకపోతే పోనీ. మేం నచ్చకపోతే అది చెప్పండి. నిన్న టీ ఇస్తే మొహం తిప్పుకున్నారు, ఇవాళ ఇల్లు వద్దంటున్నారు. నా చెల్లెలు నా దగ్గరికి రావడం మీకు ఇష్టం లేదా?"

"అది కాదు వదినగారూ" అన్నాడు బాబాయి. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. ఆ ఆగడమే అందరికీ కోపం తెప్పించింది. వాళ్లు తిరిగి వెళ్లేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

తర్వాత వారం రేవుకి వెళ్లారు. అక్కడ జరిగిందీ, ఆ పైన జరిగిందీ నేను పిన్ని నోటా గువ్వ నోటా విన్నదే.

రేవు పట్నం పిన్ని భయపడినట్టే ఉంది. స్టేషన్ బయటికి రాగానే జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ఓడల సైరన్లు, ట్రాముల గంటలు, ఎవరో ఎవరినో పిలుస్తున్న కేకలు. చూపించిన ఫ్లాటు రెండో అంతస్తులో, ఎదుటివాళ్ల బట్టలారేసిన తీగలు ముక్కుకి తగిలేంత దగ్గరలో. గోడ మీద చెయ్యి పెడితే తడి. ఫ్యాక్టరీ మాత్రం బాగుంది. అక్కడి సూపర్‌వైజరు, పిన్ని వయసు మనిషే, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న బల్ల చూపించి, "ఇది మీ కోసమే ఆపుతాం" అంది. బల్ల మంచిదేనని పిన్ని మనసులో ఒప్పుకుంది, పైకి అనలేదు.

అయితే ఆవిణ్ణి కలవరపెట్టింది బాబాయి వాలకం. కొండ మీద నీళ్లలోంచి తీసిన చేపలా ఉన్న మనిషి ఇక్కడ తేరుకున్నాడు. కాలిబాట మధ్యలో గరుకు పలకలు వరసగా పరిచి ఉన్నాయి. వాటి మీద చెప్పులు ఈడుస్తూ, గువ్వ భుజం వదిలేసి, ముందు నడుస్తున్నాడు. కూడలి దగ్గర సిగ్నలు మారినప్పుడల్లా స్తంభంలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తుంది. అవసరం లేకపోయినా అటు ఒకసారి దాటి, ఇటు ఒకసారి దాటి వచ్చాడు. ఈల కూడా వేశాడు.

పిన్నికి అనుమానం వచ్చింది. పెళ్లికి ముందు ఆయన దూరపు బస్సులు నడిపేవాడు. ఈ ఊరికి వచ్చిపోయేవాడు. తిరుగు రైల్లో గువ్వ నిద్రపోయాక అడిగేసింది.

"ఆ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?"

ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. కానీ లేరు అని మాత్రం అనలేదు. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో ఆ మసక వెలుగులో పిన్నికి తెలియలేదు. తనని వెక్కిరిస్తున్నాడనే అనుకుంది. నిప్పు మీద ఉప్పు పడ్డట్టయింది.

ఇంటికొచ్చాక మాటలు లేవు. పిన్ని పని దగ్గర కూడా తప్పులు చేసింది, అన్నేళ్లలో ఎన్నడూ లేనిది. ఊదిన బుడ్డి ఊదినట్టే పగిలింది. మేస్త్రి దగ్గరికి వచ్చి, "ఏ ఊరో ఇంకా చెప్పలేదమ్మా" అన్నాడు. "రేపు చెప్తాను. కొండే" అంది. బాబాయి ఒప్పుకుంటే సరే, లేకపోతే కూతుర్ని తీసుకుని తను వెళ్తుంది. ఆ మాట ఆ రోజే ఆయన మొహం మీద చెప్పెయ్యాలని, సాయంత్రం ఫ్యాక్టరీ ముందు ఆయన బస్సే వచ్చేదాకా ఆగి ఎక్కింది.

చలికాలం, తొందరగా పొద్దుగూకుతోంది. మామూలుగా ఆ వేళకి బాబాయి డ్యూటీ దిగిపోవాలి. ఆ రోజు తర్వాతి డ్రైవరు రాలేదు. ఇంకో ట్రిప్పు వెయ్యక తప్పింది కాదు. పిన్ని ముందు తలుపు పక్క సీట్లో కూర్చుంది. ఆవిడ ఎక్కినట్టు ఆయన గమనించలేదు. కండక్టరు గుర్తుపట్టి, "ఏంటక్కా, మా మీద తనిఖీయా? మీ ఆయన ఈ మధ్య ఎడ్లబండి తోలినట్టు తోలుతున్నాడు, కాస్త చెప్పండి" అన్నాడు.

పిన్ని బాబాయి వైపు చూసింది. ఆయన స్టీరింగు మీదికి వంగి, గింజలు ఏరుకునే కోడిలా తల ఇటూ అటూ తిప్పుతున్నాడు. వీధి దీపాలు వెలుగుతున్నాయి గానీ వాటి వెలుతురు ఇంకా చాలట్లేదు. తర్వాతి స్టాపులో ఒకావిడ చెయ్యి ఊపుతూ నిలబడింది. బస్సు ఆగలేదు. వెనకనించి ఎవరో, "ఆపవయ్యా, మనిషి కనపడట్లేదా?" అని అరిచారు. బాబాయి బ్రేకు వేసి, "చూసుకోలేదండీ" అన్నాడు. ఆ గొంతు పిన్ని ఎరిగిన గొంతు కాదు. సంజాయిషీ చెప్పుకునే గొంతు.

ఆవిడ చెప్పాలనుకున్న మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి. సీటు అంచుకి జరిగి, రోడ్డు చూడటం మొదలుపెట్టింది. ఏదో తప్పు జరగబోతోందని ఒంటికి తెలుస్తోంది, ఏమిటో తెలియదు.

మలుపు దగ్గర ఎడమ పక్క సందులోంచి ఒక రంగులేసే మనిషి సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. భుజాన నిచ్చెన, హ్యాండిలుకి రంగు డబ్బా. అద్దంలోంచి పిన్నికి స్పష్టంగా కనపడుతున్నాడు. ఇప్పుడు తగ్గిస్తాడు, ఇప్పుడు తగ్గిస్తాడు అని ఆవిడ ఎదురుచూసింది. బస్సు తగ్గలేదు.

"ఏమండీ! మనిషి!"

బ్రేకుకి నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. నిచ్చెన కొస బస్సు మొహానికి తగిలి ఎగిరిపోయింది. సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు. డబ్బా దొర్లి, తెల్లటి రంగు రోడ్డు మీద పరుచుకుంటూ ముందు చక్రం కిందికి పోయింది. ఆ మనిషి చక్రానికి ఇంకాస్త ఎడంలో పడి, మోచెయ్యి పట్టుకుని లేచి కూర్చుంటున్నాడు.

బాబాయి స్టీరింగు గట్టిగా పట్టుకుని తిన్నగా ముందుకే చూస్తూ, "ఎక్కడ?" అన్నాడు.

పిన్ని ఆయన చూపు ఎటుందో చూసింది.

"ఎక్కడే? ఎక్కడున్నాడు?"

అంత దగ్గర పడ్డ మనిషి ఆయనకి కనపడటం లేదు. ఒక్క క్షణంలో పిన్నికి అన్నీ తెలిసిపోయాయి. గువ్వ భుజం మీద చెయ్యి, అందుకోని టీ గ్లాసు, రాళ్లమెట్టు, చూపులేనివాళ్లకి దారి చెప్పే గరుకు పలకలు, టిక్కుటిక్కుమనే స్తంభం.

"దిగండి" అంది.

"దిగితే బస్సు..."

"ఎవరో ఒకరు తోలతారు. మీరు మాత్రం కాదు. దిగండి."

ప్రయాణికులు ఆయన్ని తిడుతూ, రంగుల మనిషికి నీళ్లు పోస్తూ, గోల గోలగా దిగిపోయారు. మోచెయ్యి చర్మం లేచిపోవడం తప్ప అతనికేమీ కాలేదు. తన నిచ్చెన విరిగిందని కండక్టరుతో వాదిస్తున్నాడు. పిన్ని బాబాయిని చెయ్యి పట్టుకుని దించి, మూసేసిన ఒక కొట్టు అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్లనించి?"

"పోయినేడు డాక్టరుకి చూపించుకున్నా. పక్కల చూపు పోతోందన్నాడు. ఎదుట ఉన్నది బాగానే కనపడుతుంది, గొట్టంలోంచి చూసినట్టు. పొద్దుగూకితే అదీ ఉండదు. ముందు ముందు గొట్టం సన్నబడుతుందట. మందు లేదు."

"పోయినేడు! ఏడాది పాటు ఇంతమంది ప్రాణాలు మీ చేతిలో పెట్టుకుని తిరిగారా?"

"పగటి డ్యూటీలే అడిగి వేయించుకున్నా. దారి కంఠతా వచ్చు. ఊరు మారేదాకా నెట్టుకొద్దామనుకున్నా. కొత్త ఊళ్లో ఇంకేదైనా పని చేస్తానని చెప్పి..."

"ఆ దారి మీకు కంఠతా వచ్చు. దార్లో నడిచే మనుషులు కూడా కంఠతా వచ్చా? మన గువ్వ ఈ బస్సెక్కే బడికి పోతోంది."

ఆయన తల దించుకున్నాడు. పిన్నికి జాలి రాలేదు. ఆ మాట ఆవిడే నాతో అంది: "అందరూ నాకు జాలి కలిగిందనుకుంటారు. లేదే. చెంప మీద ఒక్కటి కొట్టాలనిపించింది. రేవులో ఎవరున్నారని అడిగితే నవ్వాడు చూడు, ఆ నవ్వు గుర్తొచ్చి ఇంకా కోపమొచ్చింది."

ఇంతలో కండక్టరు వచ్చాడు. రంగుల మనిషిని సముదాయించి పంపేశాడు. "దెబ్బలేం లేవు కదన్నా, డిపోలో చెప్పక్కర్లేదు. బ్రేకు పట్టలేదందాం. నువ్వు ఇంటికి పో, రేపు మామూలే" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. బాబాయి కాదనకుండా అరుగు మీంచి లేచాడు. రేపు మళ్లీ బస్సెక్కుతాడేమోనని పిన్నికి భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఆయన ఎప్పటిలాగే యూనిఫాం వేసుకున్నాడు. ఎక్కడికని పిన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన గుమ్మం దాటాక ఆవిడ ఫ్యాక్టరీ మానేసి, కాస్త వెనగ్గా డిపో దాకా నడిచింది. ఆయన గేటులోకి వెళ్లాడు. గేటు బయట నిలబడి చూస్తోంది. ఒక్కొక్క బస్సే బయటికి వస్తోంది. ఆయన లోపలికి వెళ్లి చాలాసేపైంది. అంతలో మొహం మీద నిచ్చెన గీత పడ్డ బస్సు, నిన్నటి బస్సే, పొగ వదులుతూ కదిలింది. పిన్ని గేటుకి అడ్డంగా పోయి నిలబడిపోయింది. హారన్ మోగింది. డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "చావాలనుందా తల్లీ, పక్కకి జరుగు!" అని కసిరాడు. వేరే మనిషి. ఆ తిట్టు విని ఆవిడ చేతులు జోడించింది. అతను వింతగా చూసుకుంటూ పోయాడు.

బాబాయి వచ్చేసరికి ఎండ ముదిరింది. చొక్కా మీది డ్రైవరు బిల్ల లేదు.

"చెప్పారా?"

"చెప్పా. లైసెన్సు తీసుకున్నారు. విచారణ ఉంటుందట." కాస్త ఆగి, "నిన్నటిదాకా మేనేజరు నా భుజం తట్టేవాడు. ఇవాళ కుర్చీ కూడా చూపించలేదు. వాడి తప్పేం లేదులే" అన్నాడు.

ఇద్దరూ నడుస్తూ ఇంటికి వచ్చారు. దార్లో ఆయనే అన్నాడు: "కొండకే పోదాం. ఇంక దాచేదేం లేదు కదా. నువ్వు పనికి పో, నేను ఇంట్లో కూర్చుంటా. నీ కిటికీ నీకు దక్కుతుంది."

పిన్ని ఆ పగలంతా దాని గురించే ఆలోచించింది. కిటికీ, లోయ, నీళ్ల చప్పుడు, అదే ఊళ్లో అక్క. ఆ ఇంట్లోనే, ఆ రాళ్లమెట్ల పైన, రోజంతా కుర్చీలో ఒక మనిషి. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే తప్ప గుమ్మం దిగలేని మనిషి. ఇంకోవైపు ఆ చెమట ఊరు, తడి గోడ, అందులో ఈల వేసుకుంటూ రోడ్డు దాటిన మనిషి. రెంటినీ ఎన్నిసార్లు తూచినా ముల్లు ఒకవైపే వాలుతోంది. అది తను కోరుకున్న వైపు కాదు.

మర్నాడు మేస్త్రితో, "రేవు" అంది.

"మొన్ననే కొండ అన్నావు కదమ్మా?"

"ఇవాళ రేవంటున్నా. రాసుకోండి, మళ్లీ మారకముందే."

ఆ తర్వాత చేతులు కడుక్కునే చోటికి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చింది. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

మా అమ్మకి మాత్రం ఫోనులో ఒక్క ముక్కే చెప్పింది, రేవుకి వెళ్తున్నామని. అప్పుడే ఎవరికీ చెప్పొద్దని బాబాయి బతిమాలుకున్నాడట. మా అమ్మ, "మొగుడు తన మాటే నెగ్గించుకున్నాడన్నమాట" అని ఫోను పెట్టేసింది. వాళ్లు సామాను సర్దుకున్నప్పుడు వెళ్లలేదు. మూడు నాలుగు నెలలు అక్కచెల్లెళ్ల మధ్య మాట లేదు. చివరికి బాబాయే ఫోను చేశాడు. "వదినగారూ, ఆ రోజు మీరిచ్చిన టీ నాకు నిజంగానే కనపళ్లేదండీ" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. మా అమ్మ వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయింది. ఆ రాత్రే రైలెక్కింది.

రేవులో మొదటి ఏడాది బాగా గడిచిందని చెప్పలేను. ఉక్కకి పిన్నికి ఒళ్లంతా పేలింది. పై అంతస్తువాళ్లతో నీళ్ల దగ్గర రోజూ యుద్ధం. బాబాయి వీధులు నేర్చుకుంటున్నాడు గానీ, ఒకరోజు ట్రాము పట్టాలు తవ్వి దారి మళ్లిస్తే ఎటు పోయాడో పోయాడు. పిన్ని పని నించి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. గువ్వ ఒకవైపు, తనొకవైపు వెతికారు. చీకటి పడబోతుండగా ఎవరో ఓడల దగ్గర పనిచేసే మనిషి చెయ్యి పట్టుకుని తెచ్చి దింపాడు. చిన్నపిల్లాణ్ణి అప్పగించినట్టు, "చూసుకోండమ్మా" అని చెప్పి మరీ వెళ్లాడు.

ఆ మాటకి బాబాయి నలిగిపోయాడు. ఇంక గడప దాటలేదు. ఒక వారం ఊరుకుంది పిన్ని, రెండో వారం ఊరుకుంది. ఒక పొద్దున్న పనికి బయల్దేరుతూ తలుపు దగ్గర ఆగిపోయింది.

"ఇంట్లో కూర్చునేటట్టయితే కొండ మీదే కూర్చునేవాళ్లు కదా! మీరు తిరుగుతారనే కదా నేను ఈ చెమట ఊరికి వచ్చా? నాకు దక్కాల్సింది వదులుకున్నా. అది తెచ్చివ్వండి, లేకపోతే లేచి చెప్పులేసుకోండి!"

ఎదురు ఫ్లాటువాళ్లు తలుపులు తీసి చూశారు. అలా అనకుండా ఉండాల్సిందని మా అమ్మ తర్వాత కేకలేసింది. "అన్నందుకు నాకేం బాధ లేదు" అంది పిన్ని. బాబాయి ఆ పూట చెప్పులేసుకున్నాడు. ఆవిడ వెనకే ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి, ఒక్కడే తిరిగి ఇంటికి వెళ్లాడు. ఆ రోజు పిన్ని బల్ల దగ్గర కూర్చుంది గానీ, ఎదుటింటికి ఫోను చేసి ఆయన చేరాడని వినేదాకా మంట వెలిగించలేదు.

ఆ మరుసటేడు ఆయనకి పార్సిలు ఆఫీసులో ఫోను దగ్గర పని దొరికింది. ట్రాములో వెళ్తాడు, ట్రాములో వస్తాడు. చూపు గొట్టం ఇంకా సన్నబడింది. ఇప్పుడు కర్ర పట్టుకుంటాడు. గువ్వ అదే ఊళ్లో కాలేజీలో చేరి, స్నేహితులనే మందని వెంటేసుకుని తిరుగుతోంది.

ఈమధ్య నేను వెళ్లినప్పుడు పిన్ని పడకగది గోడకి పట్టిన ఉప్పుని చెంచాతో గీకుతోంది. అమ్మ కబురు చెప్పాను. కొండ ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటున్నారట, కాలిబాటలు కూడా కొత్తగా వేశారు, ఇప్పుడైనా రాకూడదా అని.

పిన్ని గీకడం ఆపకుండా, "ఈ ఊరు నాకేం నచ్చలేదే. పదిమందికీ చెప్పు, నచ్చలేదని. అయితే దీన్ని ఏ వేళకి ఏమని తిట్టాలో ఇప్పుడిప్పుడే చేతనైంది. మళ్లీ ఇంకో ఊరిని తిట్టడం మొదట్నించి నేర్చుకునే ఓపిక నాకు లేదు" అంది.

పక్కగదిలోంచి బాబాయి, "నన్ను తిట్టడం వచ్చుగా, అది ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది" అన్నాడు.

"మీరు మాట్లాడకండి. ఆఫీసుకి టైమవుతోంది" అని పిన్ని చెంచా పారేసి, ఆయన చొక్కా ఇస్త్రీ అయిందో లేదో చూడటానికి లేచింది.